వావ్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్) వదిలేసిన ఇన్నేళ్ళకు గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టాను, ఏమీ అర్థం కావట్లేదు

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. 2008 నుంచి 2012 దాకా నేనూ మా తమ్ముడూ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాళ్ళం. నాది ప్రీస్ట్, హీలింగ్ తప్ప ఇంకేమీ చేసేదాన్ని కాదు. వాడు వారియర్, ట్యాంక్. వాడు దెబ్బలు తింటూ ఉంటే నేను వెనక నిలబడి వాడి ప్రాణం నిలబెట్టేదాన్ని. నాకు ఆటంటే అదే. తర్వాత పెళ్ళి, పాప, ఉద్యోగం. తమ్ముడు డల్లాస్ వెళ్ళిపోయాడు. పోయిన నెల ఫోన్‌లో "అక్కా, మళ్ళీ ఏదైనా కలిసి ఆడదామా" అని అడిగాడు. అప్పటి నుంచి మనసు దానిమీదే ఉంది.

నాకు దొరికేది వారానికి నాలుగైదు గంటలు. ఆ కాస్త టైం కోసం నెలనెలా చందా కట్టాలనిపించలేదు. వావ్ 20వ లెవెల్ దాకా ఉచితమే, కానీ అక్కడితో ఆగిపోవాలి. అందుకని గిల్డ్ వార్స్ 2 కంపెనీ సైట్ నుంచి దించుకుని రెండు రోజులు ఆడాను. తల మీద పసుపు గుర్తుతో క్వెస్ట్ (చేయాల్సిన పని) ఇచ్చే మనిషి ఒక్కడూ లేడు. ఎటు వెళ్ళాలో తెలియదు. హీలర్ అనే పాత్రే కనబడలేదు. తమ్ముడిని పేరుతో వెతికి పార్టీలోకి, అంటే నా జట్టులోకి, పిలిస్తే కలవట్లేదు. ఇది మాకు సరిపడే ఆటేనా? ఉచితం అంటే ఎంతవరకు ఉచితం? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

అక్కా, ముందు సర్వర్ సంగతి చూద్దాం. అది కుదరకపోతే మిగతావన్నీ చెప్పి లాభం లేదు. ఈ ఆటలో ఉత్తర అమెరికా, యూరప్ అని రెండు రీజియన్లు ఉంటాయి. ఒక రీజియన్‌లో ఉన్నవాళ్ళు ఇంకో రీజియన్ వాళ్ళతో కలిసి ఆడలేరు. మీ తమ్ముడు అమెరికా, మీరు యూరప్ ఎంచుకుని ఉంటారు, కలవకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. నా సలహా ఇద్దరూ యూరప్‌లో ఆడమనే. హైదరాబాద్ నుంచి నాకు యూరప్ పింగ్ (మనం నొక్కింది సర్వర్‌కు చేరి తిరిగి రావడానికి పట్టే టైం) 150, 160 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది, అమెరికాకు 250 దాటుతుంది. డల్లాస్ నుంచి యూరప్ అంటే మీ తమ్ముడికీ కొంచెం పెరుగుతుంది, కానీ ఇద్దరికీ ఆడగలిగేలా ఉంటుంది. చాట్‌లో స్లాష్ ఐపీ (/ip) అని టైప్ చేస్తే మీరున్న సర్వర్ అడ్రస్ వస్తుంది, దానికి పింగ్ కొట్టి మీ ఇంటి నెట్‌తో మీరే చూసుకోండి.

మీరు ఆడింది రెండు రోజులే కాబట్టి ఇంకో మాట. ఎప్పటికైనా డబ్బు పెట్టి విస్తరణ ప్యాక్ (ఆటకు అదనంగా వచ్చే భాగం) కొనే ఆలోచన ఉంటే, ఇప్పుడే ఆటలు అమ్మే స్టీమ్‌లో కొత్త ఖాతాతో మొదలుపెట్టండి. అక్కడ ధర రూపాయల్లో ఉంటుంది. స్టీమ్‌లో తెరిచిన ఖాతాకు కొనుగోళ్ళు స్టీమ్‌లోనే చేయాలి. కంపెనీ సైట్‌లో తెరిచిన ఖాతాను తర్వాత స్టీమ్ ఖాతాగా మార్చుకోవడం కుదరదు. ఇది తెలియక నేను మూడు నెలల ఆట అయ్యాక బాధపడ్డాను.

ఇక క్వెస్టులు. పసుపు గుర్తు కోసం వెతకడం మానేయండి. మ్యాప్ మీద గుండె ఆకారాలు కనిపిస్తాయి, అక్కడికి వెళ్తే ఆ ఊరివాళ్ళకు కావలసిన పనులు ఉంటాయి. నారింజ రంగు వలయం కనిపిస్తే ఏదో జరుగుతోందని అర్థం, పరుగెత్తండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, పార్టీలో చేరాల్సిన పని లేదు. సాయం చేసినవాళ్ళందరికీ ఎవరి బహుమతి వాళ్ళకు వస్తుంది. గనిలో రాయి మీరు తవ్వినా పక్కవాడికి అలాగే ఉంటుంది. వావ్‌లో మనం తవ్వబోతుంటే ఎవడో వచ్చి ఎత్తుకుపోయిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి, ఇక్కడ ఆ బాధ లేదు.

మరో జవాబు (విజయవాడ నుంచి)

నేనూ పాత హీలర్‌నే అండి, మీ బెంగ నాకు తెలుసు. ఇక్కడ ప్రతి ఒక్కరికీ తన గాయం తాను మాన్పుకునే స్కిల్ ఒకటి ఉంటుంది, 6 నంబరు మీట. తప్పుకోవడానికి వి నొక్కి దొర్లాలి. దాంతో మొదట్లో మన అవసరం ఎవరికీ లేదనిపిస్తుంది. నేను అలాగే అనుకుని వారం రోజులు మూసేశాను.

తర్వాత ఒక విషయం గమనించాను. ఇందులో ప్రాణం అయిపోతే మనిషి వెంటనే చావడు, కింద పడి పోరాడుతూ ఉంటాడు. అప్పుడు దగ్గరికి వెళ్ళి ఎఫ్ నొక్కితే లేపొచ్చు. ఎవరైనా, ఎవరినైనా. ముక్కూమొహం తెలియని వాడు ఆగి నన్ను లేపి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నేనూ ఎవరు పడినా ఆగుతున్నాను.

మీరు గార్డియన్ అనే పాత్ర తీసుకుని స్టాఫ్, అంటే పొడవాటి కర్ర, పట్టండి. మొదటి ఐదు స్కిల్స్ చేతిలో ఉన్న ఆయుధాన్ని బట్టి వస్తాయి. స్టాఫ్ ఉంటే పక్కవాళ్ళకు బలం, కొంత వైద్యం ఇచ్చేవి దొరుకుతాయి. మనకు అలవాటైన పనికి దగ్గరగా ఉంటుంది.

ఇంకో అభిప్రాయం (పుణె నుంచి)

మీకు నిజంగా కావలసింది పాత పద్ధతి ట్యాంక్, హీలర్ జోడీయే అయితే లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్ కూడా చూడండి. 2007లో వచ్చింది, 2010 నుంచి ఉచితం. 2022లో 95వ లెవెల్ దాకా కథంతా ఉచితం చేశారు. క్వెస్ట్ ఇచ్చేవాళ్ళ తల మీద గుర్తు ఉంటుంది, మిన్‌స్ట్రెల్ అనే పాత్ర అచ్చంగా హీలరే. ఆట పాతది, కదలికలు మొద్దుగా ఉంటాయి. కానీ మీరిద్దరూ మొదటి రోజే ఇంట్లో ఉన్నట్టు ఆడతారు.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ముందు గిల్డ్ వార్స్ 2కే ఇంకో అవకాశం ఇస్తాను. ఉచిత ఖాతాకు ఏమేమి తక్కువో, మధ్యలో డబ్బు కట్టక తప్పని చోటు ఏదైనా వస్తుందో చెప్పండి. ఇంకో ఉచిత ఆటలో మా ఆయన తెలియకుండానే చాలా ఖర్చు పెట్టారు, అందుకే ఈ టెన్షన్.

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

80వ లెవెల్ దాకా మూలకథ అంతా ఉచితమే, 2015 నుంచీ అంతే. 2012లో ఆట వచ్చినప్పుడు గరిష్ఠ లెవెల్ 80, ఇప్పటికీ 80. ఆరు నెలలు మానేసి వచ్చినా మన గేర్ (ఆయుధాలు, కవచాలు) పాతబడదు. వారానికి నాలుగు గంటల మనిషికి ఇంతకంటే ఏం కావాలి? మీరిద్దరి లెవెల్స్ తేడాగా ఉన్నా ఇబ్బంది లేదు, పెద్ద లెవెల్ వాడు చిన్న మ్యాప్‌కు వస్తే బలం ఆ స్థాయికి తగ్గుతుంది.

ఉచిత ఖాతాకు రెండే పాత్రలు, మూడే సంచులు. సంచులు తొందరగా నిండుతాయి, అది చికాకే. బజారులో సాధారణ వస్తువులే కొనడం, అమ్మడం కుదురుతుంది. చాట్‌కూ పరిమితులున్నాయి. 10వ లెవెల్ వచ్చేదాకా మొదటి మ్యాప్ దాటనివ్వదు, కాబట్టి ఇద్దరూ ఒకే జాతి, మనుషుల జాతి తీసుకోండి, మొదటి రోజు నుంచే వాళ్ళ మొదటి మ్యాప్ క్వీన్స్‌డేల్‌లో కలిసి తిరగొచ్చు. ఏదో ఒక విస్తరణ ప్యాక్ ఒకసారి కొంటే ఈ ఆంక్షలు పోతాయి, నెల చందా లేదు. ఆటలోపలి దుకాణం జెమ్ స్టోర్‌లో ఎక్కువగా ఉండేవి వేషాలు, సౌకర్యాలు. అయినా కార్డు వివరాలు అందులో దాచి ఉంచకండి. 80 వచ్చేదాకా ఏమీ కొనకండి.

అడిగినవారు (మూడు వారాల తర్వాత)

కొత్త ఖాతా, యూరప్, ఇద్దరం మనుషులమే. నిన్న క్వీన్స్‌డేల్ చిత్తడి నేలలో షాడో బెహిమత్ అనే పెద్ద రాక్షసి దగ్గర యాభై మందికి పైగా ఉన్నారు. తమ్ముడు పాత అలవాటు కొద్దీ అందరికంటే ముందు వెళ్ళి నిలబడి పడిపోయాడు. నేను వెళ్ళి లేపాను. ఇంకో నిమిషానికి మళ్ళీ పడ్డాడు, మళ్ళీ లేపాను. హెడ్‌సెట్‌లో "అక్కా, నువ్వేం మారలేదు" అన్నాడు. ప్రతి ఆదివారం అదే టైంకి ఉంటుందా? మేం అనుకోకుండా దొరకబుచ్చుకున్నాం.

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

ప్రతి రెండు గంటలకూ వస్తుంది అక్కా. మనకు రాత్రి 9:15కి, మళ్ళీ 11:15కి. 9:15 అంటే డల్లాస్‌లో ఉదయం 10:45. నవంబరులో వాళ్ళ గడియారం వెనక్కి జరిగాక తమ్ముడికి 9:45 అవుతుంది, ఆ వారం గుర్తుచేయండి. ఈ ఆదివారం నేనూ వస్తాను.