సూపర్‌చార్జర్ పెట్టే ఇంజన్‌కు కంప్రెషన్ రేషియో ఎలా లెక్కించాలి?

ప్రశ్న (డాలస్ నుంచి):
అందరికీ నమస్కారం. పాత షెవర్లే 350 వీ8 ఇంజన్ విప్పి పెట్టుకున్నాను. రీబోరు అయ్యాక బోరు (సిలిండర్ వ్యాసం) 102.36 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.39. హెడ్‌లో చాంబర్ (మిశ్రమం మండే గుంట) 64 సీసీ. పిస్టన్లు ఫ్లాట్‌టాప్ (పైభాగం చదును), వాల్వు గుంటలు 5 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినా బ్లాకు అంచుకు 0.635 మి.మీ. కిందే ఆగుతోంది. గ్యాస్కెట్ లోపలి వ్యాసం 104.1, మందం 1.04 మి.మీ. రూట్స్ రకం సూపర్‌చార్జర్‌తో (ఇంజన్‌లోకి గాలిని నెట్టే బ్లోయర్) 6 పీఎస్‌ఐ బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) అనుకుంటున్నాను. రోజూ నడిపే కారు, పోసేది పంపులో దొరికే 93 ఆక్టేన్ పెట్రోలే. మందపాటి గ్యాస్కెట్ వేస్తే రేషియో దిగుతుందని ఒక మెకానిక్ అన్నారు. నిజమేనా?

జవాబు (హ్యూస్టన్ నుంచి):
దిగుతుందండీ, కానీ ఆ పని చేయకండి. ముందు లెక్క చూడండి.

ఒక సిలిండర్ ఘనపరిమాణం 727.4 సీసీ. పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ: చాంబర్ 64, గుంటలు 5, గ్యాస్కెట్ 8.9, అంచు కింద 5.2; మొత్తం 83.1. పిస్టన్ కింద ఉన్నప్పటి మొత్తం చోటును ఈ ఖాళీతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో: (727.4 + 83.1) ÷ 83.1 అంటే 9.75. బూస్ట్ లేకపోతే మంచి అంకె. బూస్ట్ కలిపి చూడటానికి పాతవాళ్ల కొండగుర్తు ఒకటుంది: రేషియో × (14.7 + బూస్ట్) ÷ 14.7 (14.7 పీఎస్‌ఐ మామూలు వాతావరణ పీడనం). మీకు 13.7 వస్తుంది. పంపు పెట్రోలుకు 12 దాటకూడదంటారు. 6 పీఎస్‌ఐ దగ్గర 12 రావాలంటే అసలు రేషియో 8.5 ఉండాలి, అంటే ఖాళీ 97 సీసీ.

అదంతా గ్యాస్కెట్‌తోనే తేవాలంటే దాని మందం 2.7 మి.మీ. కావాలి. అప్పుడు పిస్టన్‌కూ హెడ్ చదునుకూ మధ్య సందు 3.3 మి.మీ. అవుతుంది. ఆ సందు ఒక మి.మీ. దగ్గర ఉంటేనే పిస్టన్ పైకి వచ్చేటప్పుడు అక్కడి మిశ్రమం చాంబర్‌లోకి చిమ్మి, కలియబడి, త్వరగా మండుతుంది. సందు పెరిగితే మూలన మిగిలిన మిశ్రమమే ముందు పేలుతుంది. ఆ పేలుడునే నాకింగ్ అంటారు. నాకింగ్ తగ్గిద్దామని రేషియో దించి, నాకింగ్‌నే పిలుచుకున్నట్టు. దించాల్సింది పిస్టన్ డిష్‌తో, అంటే పిస్టన్ పైభాగంలోని గుంటతో. అది కూడా సగం గుంట, సగం చదును ఉన్న డీ ఆకారం డిష్ అయితే మేలు.

మరో జవాబు (చికాగో నుంచి):
ఆ 12 అంకెను వేదంలా పట్టుకోవద్దు. అసలు శత్రువు వేడి. బయట గాలి 35 డిగ్రీలుంటే, 55 శాతం సామర్థ్యమున్న రూట్స్ బ్లోయర్ 6 పీఎస్‌ఐకి నొక్కేసరికి అది 90 దాటుతుంది. ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లార్చేది), అల్యూమినియం హెడ్లు ఉంటే 9 దగ్గరా నడుపుకోవచ్చు. పోతఇనుము హెడ్లు, ఇంటర్‌కూలర్ లేదు అంటే 8.5 దగ్గరే ఆగండి.

హైదరాబాద్ నుంచి:
చిన్న మాట. అమెరికా పంపుల మీది అంకె రాన్, మాన్‌ల (రెండు వేర్వేరు పరీక్షల్లో వచ్చే ఆక్టేన్ అంకెల) సగటు. ఇక్కడ చెప్పేది రాన్ ఒక్కటే. అక్కడి 93 ఇక్కడి లెక్కలో దాదాపు 97-98. ఈ అంకెలు చూసి మన పంపుల అంకెతో నేరుగా పోల్చుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. హెడ్లు పోతఇనుమువే, ఇంటర్‌కూలర్ లేదు. 18 సీసీ డిష్ పిస్టన్లు సిద్ధంగా దొరుకుతున్నాయి, అవి వేస్తే సరిపోతుందా? బ్లాకు పైభాగం మిల్లింగ్ కూడా చేయించాలా?

జవాబు (హ్యూస్టన్ నుంచి):
రెండూ కలిపి తేల్చుకోవాలి. బ్లాకు ఉన్నదున్నట్టు ఉంచి 18 సీసీ వేస్తే 8.57 వస్తుంది, సందు 1.7 మి.మీ. నడుస్తుంది కానీ నాకు నచ్చదు. పిస్టన్ అంచుకు సమంగా వచ్చేలా బ్లాకు మిల్లింగ్ చేయించి అవే వేస్తే ఆ 5.2 సీసీ పోయి రేషియో 9కి ఎక్కి కూర్చుంటుంది. మిల్లింగ్ చేయించేటట్టయితే 24 సీసీ డిష్ తెప్పించండి. 8.5 వస్తుంది, సందు 1.04. బ్లాకు ఎటూ విప్పే ఉంది కనుక నేనైతే ఇదే చేయిస్తాను.

కానీ పిస్టన్లకు డబ్బు కట్టేముందు చాంబర్ కొలవండి. 64 అని కాగితం మీద ఉన్న హెడ్‌లో, వాల్వు సీట్లు అరగదీశాక 66 ఉండటం మామూలే. వాల్వులు, ప్లగ్గు బిగించి, అంచుకు గ్రీజు రాసి, చిన్న రంధ్రమున్న పారదర్శక ప్లాస్టిక్ పలక అతికించండి. రంగు కలిపిన స్పిరిట్‌ను బ్యూరెట్‌తో వదలండి. రంధ్రం కింద చివరి గాలిబుడగ పోయేదాకా ఆగండి, పలకను కాస్త వాల్చితే అది జారి వస్తుంది. ఎనిమిదీ కొలవాలి.

డిష్‌ను కూడా ఇలాగే సరిచూడవచ్చు. పిస్టన్‌ను అంచు నుంచి సరిగ్గా 10 మి.మీ. దించి, చుట్టూ గ్రీజుతో మూసి, పలక పెట్టి నింపండి. అందులో 82.3 సీసీ బోరుది, మిగిలింది డిష్‌ది. 106 దాటి కాస్తలో ఆగితే మీ 24 నిజమే.