అప్‌డేట్: వాటర్‌కలర్ బొమ్మ మీద గోధుమ రంగు మచ్చలు, కారణం దొరికింది

హాల్లో అద్దం ఫ్రేములో ఉన్న వాటర్‌కలర్ పెయింటింగ్ కాగితం అలలు అలలుగా ఉబ్బి, అంచుల్లో గోధుమ రంగు చుక్కలు వస్తున్నాయని నాలుగు నెలల క్రితం అడిగాను కదా, అది తేలింది. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఎండ, స్పాట్‌లైట్ అని చాలామంది అన్నారు, అవి కాదు. వెలుతురు ఎక్కువైతే రంగులు వెలిసిపోతాయి, నా బొమ్మలో రంగులు అలాగే ఉన్నాయి. "ఫ్రేము వెనక్కి తిప్పి చూడండి" అన్న మాటే పనిచేసింది. తిప్పి చూస్తే వెనక అట్ట చల్లగా, మెత్తగా చేతికి తగిలింది. ఆ గోడకి అవతల బాత్రూమ్!

కాగితం మీది బొమ్మలు బాగుచేసే కన్సర్వేటర్‌కి చూపించాను. మౌంట్ (బొమ్మకీ అద్దానికీ మధ్య ఖాళీ ఉంచే అట్ట చట్రం) లేకుండా కాగితాన్ని నేరుగా అద్దానికి ఆనించి బిగించారట, దాంతో లోపలి తేమ పోయే దారి లేదు. పైగా వెనక వేసింది కాగితాన్ని పాడుచేసే ఆమ్లం ఉండే మామూలు అట్ట. అద్దం తీస్తుంటే ఒక మూల రంగు దానికే అతుక్కుని కొంచెం ఊడొచ్చింది, ప్రాణం ఉసూరుమంది.

ఇప్పుడు ముందు యాసిడ్-ఫ్రీ (ఆమ్లం లేని) మౌంట్, వెనక అలాంటిదే అట్ట, గాలి ఆడటానికి ఫ్రేము కింది మూలల్లో రబ్బరు బుడిపెలు. గోడ కూడా మార్చాను. కాగితం చదునైంది, మూడు నెలలుగా కొత్త చుక్క లేదు. పాత మచ్చలు తీయడానికి బ్లీచింగ్ చేస్తే రంగులకు రిస్క్ అన్నారు, అందుకే వద్దన్నాను. తేమ పీల్చే సిలికా జెల్ అవసరమే పడలేదు.