అపెండిక్స్: పరిణామంలో మిగిలిపోయిన ముక్కా, పని ఉన్న అవయవమా?

ప్రశ్నలపుట్ట: అవశేష అవయవాలు (పరిణామంలో పని పోయినా మిగిలిపోయినవి) అనగానే అందరం మొదట చెప్పే పేరు అపెండిక్స్. ఈ మధ్య మాత్రం అది మంచి బ్యాక్టీరియాకి దాపు అంటున్నారు. తీయించుకున్నవాళ్లు హాయిగానే తిరుగుతున్నారు కదా, మరి ఏది నమ్మాలి?

పాతకాపు: నా ఓటు డార్విన్‌కే. ఆకులు ఎక్కువగా తిన్న పూర్వీకులకు పెద్దపేగు మొదట్లో సీకం అనే పెద్ద సంచి ఉండేదనీ, తిండి మారాక అది కుంచించుకుపోతే మిగిలిన కొసే అపెండిక్స్ అనీ ఆయన 1871లోనే రాశాడు. ఇప్పుడు చూస్తే 9 సెంటీమీటర్ల సన్నటి గొట్టం. లోపల అడ్డం పడిందా, వాచి పగిలి ప్రాణం మీదికి తెస్తుంది. నూటికి ఏడెనిమిది మందికి ఎప్పుడో ఒకప్పుడు అపెండిసైటిస్ వస్తుంది, అదీ ఎక్కువగా 10 నుంచి 30 ఏళ్ల మధ్య. పిల్లల్ని కనే వయసులో చంపేదాన్ని పరిణామం కావాలని దాచిపెట్టిందంటారా?

సూక్ష్మదర్శిని: పాతకాపు గారూ, డార్విన్ చూసినవి కొన్ని జంతువులే. 2017లో 533 క్షీరద జాతుల్ని పోల్చి చూశారు. అపెండిక్స్ విడివిడిగా 29 నుంచి 41 సార్లు పుట్టిందని తేలింది. ఒకసారి వచ్చాక పోయింది మాత్రం మహా అయితే 12 సార్లు. కుందేలుకు ఉంది, ఆస్ట్రేలియా జంతువు వాంబాట్‌కు ఉంది, చాలా కోతులకు లేదు. తిండి మారితే మిగిలే ముక్కే అయితే తిండితో లెక్క కుదరాలి, అది కుదరలేదు. కుదిరింది సీకంలోని లింఫ్ కణజాలంతో. అపెండిక్స్ గోడల నిండా ఉండేది కూడా ఆ రోగనిరోధక కణజాలమే.

ఇక దాపు సంగతి. 2007లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పిన ఊహ ఇది. అపెండిక్స్ ఆహారం వెళ్లే దారికి పక్కన, ఒకవైపు మూసుకున్న సందులా ఉంటుంది. లోపలి బ్యాక్టీరియా పల్చటి పొరలా అతుక్కుని ఉంటాయి. కలరా లాంటి విరేచనాలు పేగును కడిగేసినా అక్కడివి మిగులుతాయి, మళ్లీ పేగంతా నిండుతాయి.

పాతకాపు: వినడానికి బాగుంది. కానీ చాలాసార్లు పుట్టిందంటే పనికొస్తుందనే అర్థమా? సీకం ఆకారం మారినప్పుడల్లా కొస అలా సాగుతుందేమో. మనుషుల్లో రుజువు చూపించండి. 2011లో ఒక అధ్యయనం, అపెండిక్స్ ఉన్నవాళ్లకి సీ. డిఫిసిల్ (పేగులో విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్ తిరగబెట్టడం తక్కువ అంది. తర్వాత వచ్చినవాటిలో కొన్ని ఆ మాట చెప్పలేదు.

నడిమిదారి: పాతకాపు గారూ, చంపేదాన్ని పరిణామం ఎందుకు ఉంచిందన్న మీ మొదటి ప్రశ్నకి ఇంకో జవాబు కూడా ఉందండీ. నెస్సీ అనే వైద్యుడు, విలియమ్స్ అనే పరిణామ జీవశాస్త్రవేత్త కలిసి చెప్పినది: గొట్టం సన్నబడేకొద్దీ వాపు వస్తే రక్తప్రసారం తేలిగ్గా ఆగిపోతుంది, ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి ఇంకా చిన్నదయ్యే దారిలో ఉన్నవాళ్లే ముందు పోతారు. పనేమీ లేకపోయినా అది అక్కడే ఇరుక్కుపోవచ్చు. ఇదీ ఊహే అనుకోండి, నాకు మాత్రం మీ ఇద్దరి వాదనలకంటే నచ్చింది.

సూక్ష్మదర్శిని: అది మనిషి సంగతి చెబుతుంది సరే, 29 సార్లు కొత్తగా ఎందుకు పుట్టిందో చెప్పదుగా. ఇంకోటి, తీసేసినా హాయిగా ఉన్నారన్న లెక్కలు ఎక్కడివి? శుద్ధి చేసిన నీళ్లు, యాంటీబయాటిక్స్, సెలైన్ దొరికే చోటివి. విరేచనాలు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన కాలంలో ఎవరూ లెక్క కట్టలేదు. అపెండిసైటిస్ కూడా పరిశుభ్రత పెరిగి, పరిశ్రమలు వచ్చిన దేశాల్లోనే ఎక్కువైంది. అంటే పాతకాపు గారు చూపించే ఆ ఏడెనిమిది మంది నష్టం కూడా పాతకాలానిది కాకపోవచ్చు.

పాతకాపు: అలా చూస్తే లాభం ఒకప్పటిది, నష్టం ఇప్పటిది అని మీరే చెప్పినట్టయింది. నేను అడిగేది ఇప్పటి మనిషి గురించి.