అప్‌డేట్: 700 హార్స్‌పవర్ ముస్టాంగ్‌కు చివరికి అమర్చుకున్న ఫ్యూయల్ సిస్టమ్

డల్లాస్‌లో రోజూ ఆఫీసుకు నడిపే నా 2012 ముస్టాంగ్ జీటీ కారుకు సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) బిగించి, ఈ85 ఇంధనంతో (ఎక్కువ భాగం ఇథనాల్, మిగతాది పెట్రోలు) 700 హార్స్‌పవర్ రాబట్టాలంటే ఒక పెద్ద ఇంధన పంపు చాలునా, రెండు కావాలా అని మార్చిలో అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ట్యాంకులోనే రెండు పంపులు పెట్టించి, మిగిలిన ఇంధనాన్ని తిరిగి ట్యాంకుకు చేర్చే రిటర్న్ లైను వేయించాను.

అదే పనికి ఈ85 పెట్రోలుకన్నా సుమారు 30 శాతం ఎక్కువ పరిమాణంలో కావాలి. పైగా బూస్టుతో (సూపర్‌చార్జర్ పెంచే గాలి ఒత్తిడి) పాటు ఇంజెక్టర్లకు ఇంధనం అందించే గొట్టం, అంటే ఫ్యూయల్ రైలులోని పీడనమూ పెరుగుతుంది, పీడనం పెరిగేకొద్దీ పంపు ఇచ్చే ప్రవాహం తగ్గుతుంది కనుక, పంపు డబ్బా మీద రాసిన ప్రవాహపు అంకెను మాత్రమే నమ్మడం ప్రమాదకరం. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరచినది వైరింగు. ఆల్టర్నేటర్ వద్ద 13.8 వోల్టులున్నా, పాత సన్నని తీగల చివర పంపుకు అందినవి 11.9 మాత్రమే, మందమైన తీగ, విడి రిలే (పంపుకు నేరుగా కరెంటు అందించే విద్యుత్ స్విచ్) వేశాక అవి 13.4కు చేరాయి. ఈ కొలత నేను మొదటే తీసుకోవలసింది. ఇథనాల్ మామూలు రబ్బరును పాడుచేస్తుంది గనుక గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ప్లాస్టిక్‌వే.

రెండో పంపు బూస్టులోనే నడుస్తుంది కాబట్టి అది చెడిపోతే ముందుగా తెలియదు. అందుకే ఇంధన పీడనం పడిపోగానే ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఇంజన్ శక్తిని తగ్గించేలా సెన్సరు పెట్టించాను. ట్యాంకు పావు వంతుకు తగ్గినప్పుడు పొడవైన మలుపుల్లో పీడనం ఇంకా ఊగుతోంది. వచ్చే నెల అందుకే ట్యాంకులో ఇంధనం ఒక పక్కకు పోకుండా ఆపే అడ్డుపలక (బాఫిల్) వేయిస్తున్నాను.