చర్చ: 200×57 వెనక షాక్ తీసి 210×55 వేస్తే పడుతుందా?

ఎర్రమట్టి_82
పాత ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా షాక్ ఉండే) మౌంటెన్ సైకిల్. వెనక షాక్ నూనె కక్కుతోంది, పొద్దున గాలి కొడితే సాయంత్రానికి ఉండదు. సైజు 200×57, అంటే పొడవు 200 మి.మీ., నొక్కుకునే దూరం (స్ట్రోక్) 57. తెలిసినాయన దగ్గర వాడిన 210×55 ఒకటి ఉంది, రేటు బాగుంది. మూడు అనుమానాలు. అది నా బండికి పడుతుందా? రెండు చివరల బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే తొడుగులు) అరిగాయి, వరంగల్‌లో గానీ కరీంనగర్‌లో గానీ దొరుకుతాయా? నా బరువు 82 కిలోలు, ఎంత గాలి కొట్టాలి? తిరిగేది ఎక్కువగా దేవునూరు, ఇనుపరాతి గుట్టల వైపు.

హార్డ్‌టెయిల్_భక్తుడు
వెనక షాక్ బండి కొన్నవాళ్లందరిదీ ఇదే గోల. వెనక షాకే లేని హార్డ్‌టెయిల్ తీసుకో అన్నా. చైన్‌కి నూనె, టైర్లో గాలి, అంతే సంసారం. నేను ఇనుపరాతి దాని మీదే ఎక్కి దిగుతున్నా, నడుం బాగానే ఉంది.

లోకోషెడ్_కాజీపేట
నడుం సంగతి నలభై దాటాక చెప్పు తమ్మీ. ఎర్రమట్టీ, బరువు పౌండ్లలో ఎంతుంటే అన్ని పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టు. 82 కిలోలంటే 180. బ్యాగూ నీళ్లూ మోస్తే ఇంకో పది. పంప్ తీసేటప్పుడు బుస్సుమని కొంత పోతుంది కదా, దానికోసం నేను మరో పది ఎక్కువే కొడతా.

సాగ్‌మాస్టర్
చివరి మాట వినకండి. బుస్సుమనేది పంప్ గొట్టంలో మిగిలిన గాలి. షాక్ వాల్వ్ అప్పటికే మూసుకుంటుంది.

లోకోషెడ్_కాజీపేట
మరి పంప్ మళ్లీ బిగిస్తే 180కి బదులు 165 చూపిస్తుందేం? మిగతా 15 ఎక్కడికి పోయినట్టు?

సాగ్‌మాస్టర్
గొట్టంలోకి. రెండోసారి బిగించగానే ఖాళీ గొట్టం నిండేది షాక్‌లోని గాలితోనే. షాక్ లోపలి గది చిన్నది కాబట్టి ముల్లు అంత పడుతుంది. అంటే చెక్ చేద్దామని పంప్ పెట్టిన ప్రతిసారీ ప్రెజర్ మనమే తగ్గిస్తున్నాం. అందుకే పంప్ ముల్లును నమ్మొద్దు, సాగ్ కొలవండి, అంటే మీరు ఎక్కి కూర్చుంటే షాక్ ఎంత దిగుతుందో చూడండి.

లోకోషెడ్_కాజీపేట
నా సర్వీసంతా రైలింజన్ల ఎయిర్ బ్రేకుల మీదే గడిచింది. గాలి ఎక్కడ పోతుందో, ఎక్కడ పోదో నాకు పాఠం చెప్పొద్దు.

సాగ్‌మాస్టర్
రైలింజన్‌కి సాగ్ చూస్తారా సార్?

ఎన్ఐటీ_హాస్టల్
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. పొద్దున 25 డిగ్రీల్లో 180 కొట్టారనుకోండి. మే నెల మన ఎండకి షాక్ 45 డిగ్రీలకు వేడెక్కితే లోపల 193 దాకా పోతుంది. గే-లుసాక్ సూత్రం ఇంటర్‌లోనే చెప్పారు. సాగ్ పొద్దున్నే చూసుకుని మధ్యాహ్నం బండి గట్టిగా ఉందని ఏడిస్తే తప్పు షాక్‌ది కాదు.

హార్డ్‌టెయిల్_భక్తుడు
మే మధ్యాహ్నం ఇనుపరాతి ఎక్కేవాడికి షాక్ కాదు, డాక్టర్ కావాలి.

ఎర్రమట్టి_82
అన్నలూ, 210×55 పడుతుందా లేదా? ఆయన రేపటికల్లా చెప్పమంటున్నాడు.

మంచిర్యాల_గుట్టలు
పడదు. ఒకవేళ బోల్టులు ఎక్కినా వేయొద్దు. 200×57 అంటే పాత అంగుళాల సైజు, ఏడుంబావు పైన ఐదు దారాలు, అంటే 7.875 అంగుళాల పొడవు, రెండుంబావు స్ట్రోక్. 210×55 మెట్రిక్ సైజు, 2016లో షాక్‌లు చేసే రాక్‌షాక్స్ కంపెనీ మొదలుపెట్టింది. పొడవు 10 మి.మీ. ఎక్కువ. మీ బండి లింకేజీ నిష్పత్తి (షాక్ ఒక మి.మీ. కదిలితే చక్రం ఎన్ని మి.మీ. కదులుతుందో అది) 2.5 అనుకుంటే వెనక చక్రం దగ్గర 25 మి.మీ. తేడా. బండి వెనక భాగం లేస్తుంది, క్రాంక్ పైకి పోతుంది, ముందు ఫోర్క్ డిగ్రీకి పైగా నిటారవుతుంది. దిగుడులో హ్యాండిల్ తత్తరపడుతుంది. మా దగ్గర ఒకాయన ఇలాగే "పది మి.మీ.యే కదా" అని బిగించాడు, లింక్ ఫ్రేమ్‌కి ఒరుసుకుని పెయింటు లేచి అల్యూమినియం బయటపడింది.
200×57 కోసమే వెతకండి. పాత సైజే అయినా సెకండ్ హ్యాండ్‌లో వస్తూనే ఉంటాయి.

ఏడువందలసీ
ఏడుంబావు పైన ఐదు దారాలా? దారం అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఏడుంబావుకి ఐదు కలిపితే 7.875 అవుతుంది, లెక్క కరెక్టే. కానీ ఏడుముప్పావు పైన ఒక దారం అంటే పోయేది కదా.

మంచిర్యాల_గుట్టలు
మా నాన్న వడ్రంగి. ఇంట్లో అలాగే లెక్కపెట్టేవాళ్లం. మీకేమైనా నొప్పా?

వానాకాలం_రైడర్
వాటర్ సర్వీసింగ్ సెంటర్లో ప్రెజర్ గన్‌తో షాక్ సీల్ మీద కొట్టించేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? నూనె కక్కడం అక్కడే మొదలవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. రాక్‌షాక్స్ వాళ్లు గాలి గది సర్వీసు 50 గంటలకే చేయమంటారు, మనవాళ్లు కొన్నాక ఒక్కసారైనా విప్పరు.

హన్మకొండ_చౌరస్తా
విప్పుతారు, విప్పకూడనిది విప్పుతారు. నా షాక్‌ని ఓ టూవీలర్ మెకానిక్ "నూనె మారుస్తా సార్" అని వెనక మూత తిప్పాడు. లోపల నైట్రోజన్ ఉంటుందని ఆయనకి తెలీదు. మూత ఎగిరి షట్టర్‌కి తగిలింది. ముఖం పక్కకి ఉంది కాబట్టి సరిపోయింది. గాలి గది సర్వీసు ఇంట్లో చేసుకోవచ్చు, అదీ గాలి మొత్తం తీసేశాకే. నూనె, నైట్రోజన్ ఉండే డ్యాంపర్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఎర్రమట్టి_82
సరే, 210 వదిలేశా. హైదరాబాద్‌లో 200×57 ఒకటి దొరికింది, ఈ వారం వస్తుంది. బుష్‌ల సంగతి?

ములుగురోడ్_లేత్
ఇప్పుడు అడిగినవ్ అసలు ప్రశ్న. రెడీమేడ్ బుష్ ఇక్కడ దొరకదు, కరీంనగర్‌లోనూ నేను చూడలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకో, లేదా లేత్ పట్టించుకో. షాక్ కన్నంలో నొక్కి ఉండే బుష్ వేరు, దాంట్లోకి రెండు పక్కలనుంచి దూరే అల్యూమినియం ముక్కలు వేరు. లోపలి బుష్ కొనుక్కో, అది లేత్‌తో అయ్యే పని కాదు. పక్క ముక్కలు నేనే తిప్పిస్తా. వెర్నియర్‌తో మూడు కొలతలు తీసుకురా: బుష్ లోపలి వ్యాసం (చాలా షాక్‌లకి 12.7 మి.మీ.), బోల్టు వ్యాసం (ఎక్కువగా 8 మి.మీ.), ఫ్రేమ్ చెవుల మధ్య వెడల్పు. ఈ మూడోది స్కేలుతో కొలిచి తెస్తే నేను పని పట్టను. అర మి.మీ. ఎక్కువైతే చెవులు విప్పారతాయి, తక్కువైతే గుట్ట దిగుతుంటే టక్ టక్.

సాగ్‌మాస్టర్
టక్ టక్ చెక్ చేసే పద్ధతి: షాక్ బిగించాక సీటు పట్టుకుని వెనక చక్రం నేల మీద నుంచి లేవకుండా బండిని మెల్లగా పైకి లాగండి. ఇంకో చేతి వేలు బుష్ మీద పెడితే లూజు వేలికే తెలుస్తుంది.
ఇంకోటి, చాలామంది వదిలేసేది. గాలి కొట్టకముందే సీటు మీద బరువేసి షాక్‌ని చివరిదాకా నొక్కండి. టైరు సీట్ ట్యూబ్‌కి తగులుతోందా, లాకౌట్ మీట (షాక్‌ని కదలకుండా బిగించేది) ఫ్రేమ్‌కి కొడుతోందా చూడండి. తర్వాత 100 దాకా గాలి, మెల్లగా పదిసార్లు నొక్కుడు, తర్వాత 180. లాకౌట్ తెరిచి, బ్యాగుతో సహా బండెక్కి, షాక్ కడ్డీ మీది రబ్బరు రింగు సీల్ దాకా తోసి, ఊగకుండా దిగి, రింగు ఎంత జరిగిందో కొలవండి. 57 స్ట్రోక్‌కి 30 శాతమంటే 17 మి.మీ., 25 శాతమంటే 14. మన రాళ్లకి 17 దగ్గర పెట్టండి.

ఎన్ఐటీ_హాస్టల్
రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి లేచే వేగం) గురించి ఒక్కరూ చెప్పలేదు. ఎర్ర నాబ్ పూర్తిగా మూసి అక్కడినుంచి క్లిక్కులు లెక్కపెట్టుకోండి. ఫుట్‌పాత్ మీదనుంచి కూర్చునే దిగితే వెనక ఒక్కసారి లేచి నిలబడాలి. రెండుసార్లు ఊగితే ఒకటో రెండో క్లిక్కులు మూయండి. గాలి పెంచితే రీబౌండ్ కూడా మూయాల్సి వస్తుంది, ఎందుకంటే...

హార్డ్‌టెయిల్_భక్తుడు
ఎందుకంటే హార్డ్‌టెయిల్ కొనలేదు కాబట్టి.

ఎర్రమట్టి_82
థాంక్స్ అందరికీ. లేత్ అన్నా, బుధవారం కొలతలతో వస్తా. హన్మకొండ, కాజీపేట వైపు ఎవరి దగ్గరైనా షాక్ పంప్ ఉందా? ఆదివారం వరకు కావాలి.

లోకోషెడ్_కాజీపేట
నా దగ్గరుంది, వచ్చి తీసుకెళ్లు తమ్మీ. చివర రబ్బరు కాస్త అరిగింది, గట్టిగా బిగించాలి.

సాగ్‌మాస్టర్
అరిగిందా?!