జ్యూస్ నుదుటి మీద ముడత: దేవుణ్ణి దించేశారా, ఉన్నమాటే చూపించారా?

అటకమీది పెట్టె

నెట్‌ఫ్లిక్స్‌లో 2024 ఆగస్టు 29న వచ్చిన 'కేయాస్' సిరీసు ఇన్నాళ్ళకి తీరిగ్గా చూశాను. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గ్రీకు దేవుళ్ళు ఇవాళ్టికీ లోకాన్ని ఏలుతున్నట్టు కథ. క్రీటు ద్వీపంలో కార్లూ ఫోన్లూ టీవీలూ ఉన్నాయి, దేవుళ్ళకి బలులూ ఉన్నాయి. ఆకాశానికీ పిడుగుకీ ఏలిక అయిన జ్యూస్ వేషం జెఫ్ గోల్డ్‌బ్లమ్ వేశాడు. ట్రాక్ సూటు, చేతికి వాచీ, కొలువంతా విలాసం. ఒక పొద్దున నుదుటి మీద చిన్న ముడత కనిపిస్తుంది. ఒక గీత వస్తుంది, ఆపైన కుటుంబం కూలిపోతుంది అని పాత జోస్యం ఒకటుంది. ఇక ఆయనకి కంటి మీద కునుకుండదు. కొడుకు డయొనైసస్ ఆ వాచీ కొట్టేస్తే, ఆ అక్కసంతా బంతులందించే కుర్రాళ్ళ మీద చూపిస్తాడు. వాళ్ళ ప్రాణాలు పోతాయి.

నటన మీద నాకు పేచీ లేదు. గ్రీసులోని ఒలింపియాలో ఫిడియాస్ అనే శిల్పి చేసిన జ్యూస్ విగ్రహం దాదాపు 12 మీటర్లు, ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. కూర్చున్న విగ్రహమే. లేచి నిలబడితే గుడి కప్పు లేచిపోయేదని పాతకాలపు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. అంతటివాణ్ణి పట్టుకొచ్చి, నోటీసు వస్తుందేమోనని వణికే బిల్డర్ని చేశారు. పాత కథని కొత్తగా చెప్పడం అంటే ఇదేనా? మీరేమంటారు?

ఓరుగల్లు చిన్నోడు

అన్నా, టైటిల్ జూసి బత్తాయి జ్యూస్ ముచ్చట అనుకొని లోపలికొచ్చిన. వచ్చినంక పోబుద్ధి కాలే.

భయం వీళ్ళు కొత్తగ పెట్టింది కాదు. గ్రీకు కవి హేసియడ్ దేవుళ్ళ పుట్టుక మీద రాసిన 'థియోగొని' దియ్యి. క్రీస్తుకు ముందు 700 ప్రాంతం ముచ్చట. తాత యురేనస్, అంటే అసలు ఆకాశమే, కొడుకు క్రోనస్ కొడవలి దెబ్బకు గద్దె దిగిండు. ఆ క్రోనస్ నా కొడుకు నన్ను దించుతడని పుట్టినోళ్ళను పుట్టినట్టు మింగిండు. అయినా జ్యూస్ తప్పించుకొని తండ్రిని దించనే దించిండు. ఇగ ఈయన వంతు. మొదటి పెండ్లాం మేటిస్‌కు నిన్ను మించిన కొడుకు పుడతడని తెల్వంగనే, కడుపుతోటున్న మనిషిని అట్లనే మింగిండు. సొంత ఇంట్ల రెండు తరాలు గిట్ల జూసినోడికి నిద్రెట్ల పడ్తదన్నా? ముడత రాలేదంటేనే ఇచిత్రం.

మన ఇంద్రుడు మాత్రం తక్కువోడా? ఎవడో అడవిల కండ్లు మూసుకొని తపస్సుకు కూసుంటే సాలు, కుర్చీ పాయె అని మేనకను తోలుతడు.

మినపగారె

ఇంత చర్చ దేనికండీ? ఎవరూ పూజ చేయని దేవుడు. ఏం చేసినా అడిగేవాడు లేడు కాబట్టి చేశారు. మన దేవుళ్ళకి ట్రాక్ సూటు తొడగమనండి చూద్దాం.

అటకమీది పెట్టె

గారెగారూ, అడిగేవాళ్ళు ఉన్నారు. గ్రీసులో పాత దేవతల్ని కొలిచేవాళ్ళు కొద్దిమందే అయినా ఉన్నారు. వాళ్ళ మతానికి 2017లో అక్కడి ప్రభుత్వం గుర్తింపు కూడా ఇచ్చింది. ఇక మన సంగతంటారా, కైకాల సత్యనారాయణ గారు తెర మీద "యముండ!" అంటుంటే మా ఊరి హాలు ఈలలతో ఊగిపోయేది. నవ్వి బయటికొచ్చినవాళ్ళే దారిలో గుడి కనిపిస్తే చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. నవ్వడంతో నాకు పేచీ లేదు. చిన్నవాణ్ణి చేయడంతోనే.

రిటైర్డు పంతులమ్మ

చిన్నోడు చెప్పింది సగం నిజం బాబూ. మిగతా సగం 'ఇలియడ్' రాసిన గ్రీకు మహాకవి హోమర్ దగ్గరుంది.

ఇలియడ్ మొదటి సర్గలో సముద్ర దేవత థెటిస్ వచ్చి జ్యూస్ మోకాళ్ళు పట్టుకుని కొడుకు అకిలీస్ కోసం వరం అడుగుతుంది. ఆయన చాలాసేపు పలకడు. చివరికి నల్లటి కనుబొమలు దించి తల ఊపుతాడు, అంతే. దేవుళ్ళుండే ఒలింపస్ కొండ మొత్తం కంపించిపోతుంది. మీరు చెప్పిన ఫిడియాస్ ఆ పంక్తులు చూసే విగ్రహం చేశాడని చెబుతారు. కొండని కదిపిన ఆ కనుబొమల పైనే ముడత పెట్టారంటే, రాసినవాళ్ళకి హోమర్ తెలియదని నేను నమ్మను. మనవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు కూడా. నుదుటి గీత అంటే ఏమిటో మన ఇళ్ళలో అమ్మమ్మకీ తెలుసు. అందరి రాతా తన చేతిలో ఉందనుకునేవాడికే నుదుట రాత పడింది.

వాళ్ళు వదిలేసింది ఇంకోటుంది. పదహారో సర్గలో కొడుకు సార్పెడాన్ యుద్ధంలో చావబోతుంటాడు. తప్పించనా అని జ్యూస్ ఊగిసలాడతాడు. నువ్వు నీ కొడుకుని తప్పిస్తే ప్రతి దేవుడూ తన బిడ్డని తప్పించుకోవాలనుకుంటాడు అని భార్య హేరా గుర్తుచేస్తుంది. ఆయన ఆగిపోతాడు. నేల మీద నెత్తుటి చినుకులు రాలుతాయి. చేయగలిగీ చేయకుండా ఉండిపోయిన తండ్రి అతను. ఇంటికొచ్చిన అతిథినీ శరణన్నవాణ్ణీ కాచే దేవుడూ ఆయనే, అందుకే జెనియోస్ అని పేరు. 'కేయాస్'లో ఈ ఇద్దరూ నాకు కనబడలేదు.

ఇంకొక్క మాట, చర్చకి కాస్త పక్కదైనా. "ద్యౌః శాంతిః, అంతరిక్షం శాంతిః" అని చదువుతామే, ఆ ద్యౌ, ఈ జ్యూస్ ఒకే వేరు మాటలు. ఋగ్వేదంలో ద్యౌష్పిత, రోములో జూపిటర్. మన దగ్గర పిడుగు ఇంద్రుడి చేతికి వెళ్ళిపోయి, ఆకాశం తండ్రి మంత్రంలో మిగిలాడు. గ్రీకులకి రెండు పనులూ ఒక్కడే చూసుకున్నాడు.

డాలస్ పక్కింటాయన

నమస్తే అండి. నేను 'కేయాస్' చూడలేదు, మా ఇంట్లో నడిచేది పిల్లల సిరీసు, 'పర్సీ జాక్సన్'. అందులో ఒలింపస్ న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 600వ అంతస్తు. మొదటి సీజన్‌లో జ్యూస్‌గా లాన్స్ రెడిక్ వేశాడు. సిరీసు రాకముందే, 2023 మార్చిలో ఆయన పోయారు పాపం. సూటు వేసుకుని కూర్చుంటాడు, గొంతు పెంచడు, ఆ కాసేపటికే ఒళ్ళు జలదరిస్తుంది. ట్రాక్ సూటైనా కోటైనా బట్టల్లో ఏముందండి, ఆ నిదానంలో ఉంది.

పోయినసారి సెలవులకి ఏథెన్స్ వెళ్ళాం. అక్కడి జాతీయ పురావస్తు మ్యూజియంలో నిలువెత్తుకన్నా పెద్ద కంచు విగ్రహం ఉంది, 2.09 మీటర్లు. 1920లలో ఆర్టెమిసియన్ దగ్గర సముద్రంలోంచి తీశారట. ఎడమ చెయ్యి ముందుకి చాచి గురి చూస్తున్నాడు, కుడి చెయ్యి వెనక్కి ఎత్తి ఏదో విసరబోతున్నాడు. ఆ గుప్పిట్లో ఉన్నది మాత్రం పోయింది. పిడుగైతే జ్యూస్, త్రిశూలమైతే సముద్ర దేవుడు పొసైడన్. పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మా పాప చుట్టూ తిరిగి చూసి, "నాన్నా, చేతిలో ఏమీ లేకపోయినా భయంగా ఉందే" అంది. కళ్ళ గుంటలు ఖాళీ. పొదిగిన కళ్ళు కూడా ఎప్పుడో ఊడిపోయాయి.

ఓరుగల్లు చిన్నోడు

టీచరమ్మా, ఏడ్చే తండ్రి గావాల్నంటే 2020ల వచ్చిన 'బ్లడ్ ఆఫ్ జ్యూస్' జూడున్రి. బొమ్మల సిరీసే. అండ్ల ముసలోని ఏసమేసుకొని కొడుకు హెరాన్ పక్కపొంటనే తిరుగుతడు, పెంచుతడు, నేను నీ తండ్రినని చెప్పడు. మొదటి సీజన్ ఆఖరికి పానమే పోతది. నాకైతే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. గానీ ఒక్క మాట: ఆ పిల్లగాడు ఎట్ల పుట్టిండో మొదలు అడగాలె కదా. ఆ తల్లిని మొగుడి రూపంల వచ్చి మోసం జేసిన కథలే కదా ఇవన్నీ. కన్నీళ్ళు పెట్టంగనే సరిపోయిందా?

అటకమీది పెట్టె

చిన్నోడూ, దొరికిపోయాను. రాత్రంతా ఇదే ఆలోచించాను.

ఆంఫిట్రియన్ ఊళ్ళో లేనప్పుడు జ్యూస్ అతని రూపంలో అతని భార్య ఆల్క్‌మీని దగ్గరికెళ్ళాడు. ఒక రాత్రిని మూడు రాత్రులంత సాగదీశాడు. హెరాక్లీస్ పుట్టాడు. మనకి ఇది విన్న కథే, అహల్య దగ్గరికి ఇంద్రుడు వచ్చిన కథ. తేడా ఆ తర్వాత ఉంది. గుమ్మంలో గౌతముడు ఎదురుపడ్డాడు, శాపం పెట్టాడు, దేవతల రాజైనా అనుభవించాడు. పైగా ఇంద్రుడంటే మనకి ఒక పదవి. మన్వంతరం మారితే మనిషి మారతాడు, వచ్చేసారి బలి చక్రవర్తి. జ్యూస్‌కి రిటైర్మెంటూ లేదు, శాపం పెట్టే ఋషీ లేడు. మనుషులకి నిప్పు తెచ్చిచ్చి ఎదురు తిరిగిన ప్రొమిథియస్‌ని కొండకి గొలుసులేసి, రోజూ గద్దతో కాలేయం తినిపించాడు.

'కేయాస్'లో కథ చెప్పేది ఆ ప్రొమిథియస్సే. మొదటిసారి చూసినప్పుడు అదో చమత్కారం అనుకుని వదిలేశాను. ఇప్పుడు చూస్తే, గొలుసుల్లో ఉన్నవాడి నోట యజమాని కథ. గౌతముడు లేని చోట గౌతముణ్ణి పెట్టారు. చచ్చినవాళ్ళకి మళ్ళీ పుట్టుక ఉందని నమ్మించి, ఆ ఆత్మలతో తయారైన నీళ్ళు తాగే దేవుళ్ళు అమరులవుతున్నారన్న మలుపుకీ అప్పుడే అర్థం కుదిరింది.

ముడత వరకూ ఒప్పుకున్నాను. బిల్డర్ విషయంలో కాదు.

రిటైర్డు పంతులమ్మ

పెట్టెగారూ, గౌతముడి మాట బాగుంది. కానీ ఆ పని గ్రీకులే చేసుకున్నారు. పాతకాలపు గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ పేరు మీదున్న 'బంధిత ప్రొమిథియస్' నాటకంలో జ్యూస్‌ని నిరంకుశుడని ముఖానే తిడతారు. ముఖాన అన్నాను గానీ, ఆయన ముఖమే కనపడదు. నాటకం మొత్తంలో జ్యూస్ రంగం మీదికి రాడు. ఆజ్ఞలు వస్తాయి, దూతలు వస్తారు, చివర్న ఉరుములు వస్తాయి. డాలస్ బాబుగారి పాప చూసిన ఖాళీ గుప్పిట లాంటిదే అది. 'కేయాస్'లో ఎనిమిది ఎపిసోడ్లూ జ్యూస్ మనకి కనబడుతూనే ఉన్నాడు, మీ బిల్డరు అక్కణ్ణించే వచ్చాడు. ఒక్క ఎపిసోడ్ కనబడకుండా ఉంచి ఉంటే నేనూ భయపడేదాన్ని.

డాలస్ పక్కింటాయన

ఇన్ని చెప్పాక చూడక తప్పదు. రెండో సీజన్ కూడా ఉందా అండి, రెండూ కలిపి చూస్తాను.

ఓరుగల్లు చిన్నోడు

లేదన్నా. ఒక్క సీజన్‌కే ఆపేసిన్రు, 2024 అక్టోబర్లనే. జోస్యం పూరాగ తేలనే లేదు.

మినపగారె

అంటే ఆ ముడత అలాగే ఉండిపోయిందా?