ఒకే పేజీ, ఒక్కో తెరమీద ఒక్కో రంగు: మీకూ ఇలా జరిగిందా?

పాలపిట్ట:
నా పేజీలో పెట్టెల వెనక లేత బూడిద రంగు వేశాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 245 (గరిష్ఠం 255). ల్యాప్‌టాప్‌లో చక్కగా తెలుస్తోంది. పక్కనున్న మానిటర్‌లో తెరిస్తే అంతా తెలుపే, పెట్టెల జాడే లేదు. బ్రౌజర్ ఒకటే, కోడ్ ఒకటే. కారణం ఏమై ఉంటుంది?

రంగులరాట్నం:
మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపారా? అయితే ముందుగా రేంజ్ సెట్టింగు చూడండి. టీవీల పద్ధతిలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ముగుస్తుంది. కంప్యూటర్ పద్ధతిలో అది 0 నుంచి 255. కంప్యూటర్ ఈ పద్ధతిలో పంపుతుంటే, మానిటర్ టీవీ లెక్కలో తీసుకుంటే, 235 దాటినదంతా తెలుపే. మీ 245 అందులో కలిసిపోతుంది. నాకు దీనికి తలకిందులుగా జరిగింది: నలుపంతా వెలిసిపోయి బూడిదగా కనిపించేది. రెండు వైపులా ‘ఫుల్’ అని పెట్టాక సర్దుకుంది.

తెరచాప:
ప్యానెల్ సంగతీ చూడండి. టీఎన్ అనే ఎల్‌సీడీ రకమైతే, బ్రౌజర్ కిటికీని తెర పైభాగం నుంచి అడుక్కి జరిపినా లేత రంగులు మారిపోతాయి. ఐపీఎస్ అనే మరో రకంలో ఈ బాధ చాలా తక్కువ. రాత్రిపూట తెరను పసుపు చేసే సెట్టింగు ఆన్‌లో ఉంటే దాన్ని ఆపి చూడండి.

కుంచె:
నా తంటా ఫొటోలతో. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల కొలమానం ఎంచుకుని తీసిన ఫొటోలు ఎడిటర్‌లో నిండుగా ఉండి, పేజీలో పాలిపోయేవి. సైజు తగ్గించే సాధనం ఫైల్‌లోని కలర్ ప్రొఫైల్‌ను తీసేస్తోందని తర్వాత తెలిసింది. ప్రొఫైల్ లేకపోతే ఫైల్‌లోని రంగుల అంకెలు ఏ కొలమానంలోవో బ్రౌజర్‌కు తెలిసే దారి లేదు. సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు వెబ్ కొలమానం అనుకుంటుంది. ఇప్పుడు ముందే ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ప్రొఫైల్‌తో సహా సేవ్ చేస్తున్నాను. అసలు 255 ఎరుపు అంటే ఏ ఎరుపు? ఆ కొలమానం చెబితేనే ఆ అంకెకు అర్థం. ఇంత ముఖ్యమైన విషయం చాలా పాఠాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు, అదే నా బాధ.

పాతకీబోర్డు:
ఎస్‌ఆర్‌జీబీని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించాయి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అయినా మ్యాక్‌లు 2009 వరకు గామాను (రంగు అంకెను తెరమీద వెలుగుగా మార్చే లెక్క) 1.8గానే ఉంచాయి, విండోస్‌లో అది 2.2. విండోస్‌లో ముదురుగా ఉన్న పేజీ మ్యాక్‌లో తేలిపోయేది. 256 రంగుల తెరల రోజుల్లోనైతే, రెండు చోట్లా నమ్మకంగా వచ్చే 216 రంగులతోనే పేజీలు కట్టేవాళ్లం.

పాలపిట్ట:
రంగులరాట్నం గారూ, అదేనండీ! మానిటర్ మెనూలో రేంజ్ మార్చగానే పెట్టెలు కనిపించాయి. కానీ పేజీ చూసేవాళ్ల తెరలను నేను మార్చలేను కదా. పెట్టెల చుట్టూ 200 బూడిదతో సన్నటి గీత ఇస్తున్నాను.

తెరచాప:
గీత మంచి ఆలోచన. అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కూడా కొలవండి. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాల సిఫారసు. అంతకు మించి ఉంచితే నాసిరకం తెరమీదా చదవడానికి వీలవుతుంది.